ఎన్ఆర్‌పీ ఏది చేయాలి? లేబర్ రూమ్, ఎస్ఎన్‌సీయూ నర్సులకు కోర్సుల పోలిక

"మేడమ్, హాస్పిటల్‌లో ఎన్ఆర్‌పీ సర్టిఫికెట్ తెచ్చుకోమంటున్నారు. ఏది చేయాలి?" లేబర్ రూమ్‌లో చేరిన ప్రతి సిస్టరూ ఏదో ఒకరోజు అడిగే ప్రశ్న ఇది. సమాధానం తేలిగ్గా దొరకదు. ఎన్ఆర్‌పీ అంటే నియోనటల్ రిససిటేషన్ ప్రోగ్రామ్, పుట్టిన బిడ్డకు ఊపిరి పోయించే శిక్షణ. ఆ పేరుతో మన దగ్గర నాలుగైదు కోర్సులు నడుస్తున్నాయి. ప్రభుత్వ నర్సుకు ఒకటి చెబుతారు, ప్రైవేటు నర్సుకు ఇంకొకటి. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లే అమ్మాయికి ఏజెంట్ మూడోది చెబుతాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన పోస్టర్ చూసి డబ్బు కట్టేసి, తర్వాత "ఇది మాకు చెల్లదు" అనిపించుకున్న సిస్టర్లు చాలామంది ఉన్నారు.

పుట్టే ప్రతి పదిమంది బిడ్డల్లో సుమారు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. వాళ్లలో చాలామందికి తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు రుద్దితే చాలు. కొందరికి బ్యాగ్–మాస్క్ పట్టాలి, అంటే ముఖానికి మాస్క్ పెట్టి, సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాలి. గుండె నొక్కడం, మందు ఇవ్వడం దాకా వెళ్లేది వెయ్యి కాన్పుల్లో ఏ ఒకటి నుంచి మూడు సార్లో. కోర్సు ఎంచుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. అన్ని కోర్సులకూ ప్రాణం బ్యాగ్–మాస్కే. మిగతావన్నీ దాని తర్వాత వచ్చేవి.

ముందు ఏమేం చూసుకోవాలి?

మొట్టమొదట చూడాల్సింది మీరు పిలిస్తే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు అన్నది. పీహెచ్‌సీలో రాత్రి కాన్పు జరిగితే మీరూ, ఒక ఆయమ్మా తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. కార్పొరేట్ హాస్పిటల్‌లో ఫోన్ చేసిన రెండు నిమిషాల్లో పిల్లల డాక్టర్ బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ దగ్గర ఉంటారు. ఒంటరిగా ఉన్న నర్సుకు బ్యాగ్–మాస్క్ కళ్లు మూసుకుని చేసేంత అలవాటు కావాలి. టీమ్‌లో ఉన్న నర్సుకు దానితోపాటు శ్వాసనాళంలో ట్యూబ్ వేసే డాక్టర్‌కు చేతికందించడం, మందు కలపడం, టైమ్ రాయడం కూడా రావాలి.

రెండోది, ఆ సర్టిఫికెట్ ఎవరికి చూపించాలి అన్నది. జిల్లా అధికారికా, హాస్పిటళ్లకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ తనిఖీకా, విదేశీ హాస్పిటల్‌కా? పైకి ఒకలాగే కనిపించే కాగితాలకు ఒక్కోచోట ఒక్కో విలువ.

మూడోదాన్ని చాలామంది అడగరు. సాధన కోసం పెట్టే బిడ్డ బొమ్మ (మానికిన్) మీద మీ చేతులు ఎంతసేపు పనిచేస్తాయి? ముప్పైమందికి ఒక మానికిన్ పెట్టి మిగతా రోజంతా స్లైడ్లు చూపించే క్లాసు ఎంత పెద్ద సంస్థ పేరుతో జరిగినా నా దృష్టిలో దండగే. ఆరుగురికి ఒక బొమ్మ ఉండి, మీరు మాస్క్ పట్టినప్పుడు పక్కన ఒకరు నిలబడి "గాలి లీకవుతోంది, గడ్డం దగ్గర చూడండి" అని చెప్పే చోటికి వెళ్లండి.

భాష, ఫీజు, సెలవు సంగతి ఎలాగూ చూసుకుంటారు. భాష గురించి మాత్రం ఒక మాట. తెలుగు మీడియంలో చదివి జీఎన్ఎం చేసిన సిస్టర్లకు ఇంగ్లిష్ ప్రశ్నపత్రం అంటే టెన్షన్ ఉంటుంది, అది సహజమే. చేతిపని బాగా వచ్చినవాళ్లు కూడా భాష దగ్గర ఆగిపోతుంటారు. కాబట్టి పరీక్ష ఏ భాషలో ఉంటుందో ముందే కనుక్కోండి.

| కోర్సు | ఎక్కడిదాకా నేర్పుతుంది | ఎవరికి సరిపోతుంది | చూసుకోవాల్సింది |
|---|---|---|---|
| నవజాత శిశు సురక్షా కార్యక్రమం, అంటే ఎన్ఎస్ఎస్‌కే | ప్రధానంగా బ్యాగ్–మాస్క్ దాకా. వెచ్చదనం, ఇన్ఫెక్షన్ నివారణ, తొలి చనుబాలు కూడా | ప్రభుత్వ లేబర్ రూమ్ నర్సులు, ఏఎన్‌ఎంలు | నామినేషన్ ద్వారానే సీటు |
| ఐఏపీ (పిల్లల డాక్టర్ల సంఘం) బేసిక్ ఎన్ఆర్‌పీ | మొదటి నిమిషం పనులు, బ్యాగ్–మాస్క్ | ప్రైవేటు నర్సింగ్ హోమ్ నర్సులు, కొత్తగా చేరినవాళ్లు | బొమ్మల సంఖ్య, బ్యాచ్ సైజు |
| ఐఏపీ అడ్వాన్స్‌డ్ ఎన్ఆర్‌పీ | ట్యూబ్, గుండె నొక్కడం, బొడ్డు సిర లైన్, మందులు | ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ), ఎస్ఎన్‌సీయూ (ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన నవజాత శిశువుల యూనిట్), సిజేరియన్ థియేటర్ నర్సులు | బేసిక్ చేతికి రాకుండా వెళ్లొద్దు |
| అమెరికన్ ఎన్ఆర్‌పీ | ఎసెన్షియల్స్, అడ్వాన్స్‌డ్ అని రెండు స్థాయులు | అమెరికా వెళ్లేవాళ్లు, ఆ కార్డే అడిగే గల్ఫ్ హాస్పిటళ్లకు వెళ్లేవాళ్లు | రెండేళ్ల గడువు, ఇంగ్లిష్ ఆన్‌లైన్ పరీక్ష |
| బ్రిటన్ ఎన్ఎల్ఎస్ (న్యూబార్న్ లైఫ్ సపోర్ట్) | పుట్టిన వెంటనే చేసే లైఫ్ సపోర్ట్ అంతా | యూకేలో నియోనటల్, మిడ్‌వైఫరీ వైపు వెళ్లేవాళ్లు | అక్కడి పద్ధతి మనదానికి కొంత తేడా |

ఎన్ఎస్ఎస్‌కే: ప్రభుత్వ నర్సు మొదట అడగాల్సింది

కేంద్ర ఆరోగ్య శాఖ 2009లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. రెండు రోజుల శిక్షణ. కాన్పులు జరిగే ప్రతిచోటా బిడ్డకు ఊపిరి అందించగల మనిషి ఒకరైనా ఉండాలన్నది దీని ఉద్దేశం. అందుకే డాక్టర్లతోపాటు స్టాఫ్ నర్సులనూ, ఏఎన్‌ఎంలనూ కూర్చోబెడతారు. డబ్బు కట్టేది లేదు. జిల్లా వైద్యారోగ్య అధికారి కార్యాలయం నుంచి నామినేషన్ రావాలి.

దీని బలం ఏమిటంటే మీరు పనిచేసే గదికి తగ్గట్టే నేర్పుతుంది. న్యూబార్న్ కేర్ కార్నర్‌లో ఉండే వార్మర్, ఆంబు బ్యాగ్, 0 సైజు, 1 సైజు మాస్కులు, మ్యూకస్ సక్కర్, రెండు పొడి గుడ్డలు. వీటితోనే బొమ్మ మీద చేయిస్తారు. వివరణ కూడా ఎక్కువగా తెలుగులోనే సాగుతుంది. పైగా, ఊపిరి పోసుకున్న బిడ్డను ఆ తర్వాత గంటలో ఎలా చూసుకోవాలో కూడా చెబుతుంది. ప్రాణం నిలబెట్టిన బిడ్డ చల్లబడిపోతే మొదటికే మోసం కాబట్టి ఆ భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి.

లోపం చెప్పాలంటే ట్యూబ్, గుండెను పుంజుకునేలా చేసే అడ్రినలిన్ మందు వంటివి దీని పరిధిలో లేవు. ప్రైవేటు హాస్పిటళ్లలో, విదేశాల్లో ఈ సర్టిఫికెట్‌ను ఎన్ఆర్‌పీ కిందికి లెక్కించరు. నామినేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు కూడా. ఇన్‌చార్జ్ సిస్టర్‌కో మెడికల్ ఆఫీసర్‌కో నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా అర్జీ రాసివ్వండి. లేబర్ రూమ్‌ల నాణ్యత కోసం కేంద్రం పెట్టిన 'లక్ష్య' కార్యక్రమం తనిఖీకి వచ్చినవాళ్లు లేబర్ రూమ్ సిబ్బంది శిక్షణ రికార్డు అడుగుతారు. ఆ సంగతి అర్జీలో రాస్తే పని కొంచెం త్వరగా కదులుతుంది.

ఎస్ఎన్‌సీయూలో పోస్టింగ్ ఉన్నవాళ్లకు ఎఫ్‌బీఎన్‌సీ (ఫెసిలిటీ బేస్డ్ న్యూబార్న్ కేర్) శిక్షణ వేరుగా ఉంటుంది. అది జబ్బుపడిన నవజాత శిశువుల సంరక్షణంతటికీ సంబంధించింది. ఎన్ఎస్ఎస్‌కేకి అది బదులు కాదు, దానికి ఇదీ బదులు కాదు. అవకాశం ఉంటే రెండూ చేయండి.

ఐఏపీ బేసిక్, అడ్వాన్స్‌డ్: ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే

ఎన్ఆర్‌పీ అమెరికాలో 1987లో మొదలైంది. నేషనల్ నియోనటాలజీ ఫోరం 1990లో దాన్ని మన దేశానికి తెచ్చింది. తర్వాత ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (ఐఏపీ) 'ఫస్ట్ గోల్డెన్ మినిట్' పేరుతో పెద్ద ఎత్తున శిక్షణ పెట్టింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి చోట్ల మెడికల్ కాలేజీల్లో, పెద్ద హాస్పిటళ్లలో జరిగే క్లాసులు చాలావరకు ఈ కోవవే.

బేసిక్ ఒక రోజు క్లాసు. బిడ్డ పుట్టిన మొదటి 60 సెకన్లలో ఏం జరగాలన్నదే దాని సారం. బిడ్డ ఏడ్చిందా, తుడిచారా, తల సరిగా ఉంచారా, అయినా ఊపిరి లేకపోతే నిమిషం దాటకుండా బ్యాగ్–మాస్క్ మొదలుపెట్టారా. వినడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు 'సీ' ఆకారంలో మాస్క్ మీద, మిగతా మూడు వేళ్లు 'ఈ' ఆకారంలో దవడ ఎముక కింద. మాస్క్ గడ్డం కొసనూ నోటినీ ముక్కునూ కప్పాలి, కళ్ల మీదికి పోకూడదు. చాలామంది మాస్క్‌ను ముఖం మీదికి అదుముతారు. దాంతో తల ముందుకు వంగి గాలిదారి మూసుకుపోతుంది. మాస్క్‌ను నొక్కే బదులు దవడనే మాస్క్ వైపు ఎత్తాలి. ఈ ఒక్క కిటుకు చేతికి వచ్చేసరికి సగం క్లాసు అయిపోతుంది. అలా అయిపోవడం మంచిదే.

ఛాతీ లేవకపోతే ఏం చేయాలో వరుసగా గుర్తుపెట్టుకోవడానికి 'మిస్టర్ సోపా' అని నేర్పుతారు. మాస్క్ సరిచేయడం, తల సరిచేయడం, నోరు ముక్కు సక్షన్ చేయడం, నోరు తెరవడం, ప్రెషర్ పెంచడం, చివరికి ట్యూబ్ లాంటి వేరే గాలిదారి. బేసిక్ చేసిన నర్సు ఈ ఆరింటిలో మొదటి ఐదూ ఎవరి సాయం లేకుండా చేయగలగాలి. ఆరోదానికి అడ్వాన్స్‌డ్ కావాలి.

అడ్వాన్స్‌డ్‌లో ట్యూబ్ వేయడం, గుండె నొక్కడం, బొడ్డు సిరలో లైన్, మందులు, నెలలు నిండని బిడ్డల సంగతులు వస్తాయి. "నర్సుగా నేను ట్యూబ్ వేయను కదా, నాకెందుకు?" అని అడుగుతారు. ట్యూబ్ వేయకపోయినా, వేసే మనిషి చేతికి గొంతులోకి చూసే లారింగోస్కోప్ ఏ వైపు నుంచి ఇవ్వాలో, ఏ సైజు ట్యూబ్ తీసి పెట్టాలో, 30 సెకన్లలో పడకపోతే "సార్, టైమ్ అయింది, బ్యాగ్ చేద్దాం" అని చెప్పాలో తెలిసిన నర్సు పక్కన ఉంటే ఆ బిడ్డ అదృష్టం మారిపోతుంది. ఇక మందు కలిపేది ఎప్పుడూ నర్సే. మన దగ్గర అడ్రినలిన్ 1 మి.లీ. ఆంపూల్‌లో 1:1000 బలంతో వస్తుంది. బిడ్డకు ఇవ్వాల్సింది 1:10,000. అంటే ఆంపూల్ మొత్తానికి 9 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపి 10 మి.లీ. చేయాలి. 2021లో వచ్చిన 8వ ఎడిషన్ ప్రకారం సిర ద్వారా మొదటి డోసు కిలోకు 0.2 మి.లీ. మూడు కిలోల బిడ్డకు 0.6 మి.లీ. ట్యూబ్ ద్వారా అయితే కిలోకు 1 మి.లీ. ఈ లెక్కను గుండె 50 కొట్టుకుంటున్న బిడ్డ ముందు నిలబడి మొదటిసారి వేయకూడదు. సిజేరియన్లు జరిగే థియేటర్‌లో బిడ్డను అందుకునే నర్సుకు నేను అడ్వాన్స్‌డే చెబుతాను.

అయితే ఒక షరతు. బేసిక్ చేయకుండా, లేదా చేసి ఏడాదిపాటు ఒక్కసారైనా బ్యాగ్ పట్టకుండా నేరుగా అడ్వాన్స్‌డ్‌కి వెళ్తే అక్కడ ట్యూబ్ గురించి నేర్చుకుంటూ మాస్క్ మరిచిపోతారు. సర్టిఫికెట్ బరువు పెరుగుతుంది, చేతిపని తగ్గుతుంది. కొత్తగా బీఎస్సీ, జీఎన్ఎం పూర్తిచేసిన అమ్మాయిలకు నా సలహా: ముందు బేసిక్ చేయండి, కొన్ని నెలలు లేబర్ రూమ్‌లో పని చేయండి, అప్పుడు అడ్వాన్స్‌డ్‌కి వెళ్లండి.

అమెరికన్ కార్డు: ఎప్పుడు అవసరం, ఎప్పుడు అక్కర్లేదు

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చే ప్రొవైడర్ కార్డు ఇది. 8వ ఎడిషన్ నుంచి రెండు స్థాయులు చేశారు. ఎసెన్షియల్స్‌లో మొదటి నాలుగు పాఠాలు, అంటే సిద్ధం కావడం నుంచి బ్యాగ్–మాస్క్ దాకా. అడ్వాన్స్‌డ్‌లో పదకొండు పాఠాలు. ముందు ఆన్‌లైన్‌లో పరీక్ష, కంప్యూటర్ మీద సిమ్యులేషన్ కేసులు పూర్తిచేయాలి. ఆ తర్వాత 90 రోజుల్లోగా బోధకుడి ఎదుట చేతితో చేసి చూపించాలి. కార్డు రెండేళ్లు పనికొస్తుంది.

ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. అమెరికా వీసా ప్రక్రియకు ఏళ్లు పట్టవచ్చు. అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయకముందే ఈ కార్డు తీసుకుంటే విమానం ఎక్కేలోగా గడువు అయిపోతుంది. పైగా అక్కడి హాస్పిటళ్లు చాలావరకు చేరాక ఓరియంటేషన్‌లో తామే చేయిస్తాయి. ఆఫర్ వచ్చాక "కార్డు చేరేముందే కావాలా, చేరాక సరిపోతుందా?" అని రిక్రూటర్‌ను రాతపూర్వకంగా అడగండి. గల్ఫ్ పరిస్థితి వేరు. అక్కడ లేబర్ రూమ్, ఎన్ఐసీయూ పోస్టులకు దరఖాస్తులోనే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్)తోపాటు ఎన్ఆర్‌పీ అడిగే హాస్పిటళ్లు ఉన్నాయి. అలాంటప్పుడు ఐఏపీ సర్టిఫికెట్ చాలా, అమెరికన్ కార్డే కావాలా అన్నది ఆ హాస్పిటల్‌నే అడగాలి, ఏజెంట్‌ను కాదు.

ఎడిషన్ సంగతి కూడా ఉంది. ఈ మార్గదర్శకాలను దాదాపు ఐదేళ్లకోసారి సవరిస్తారు. 2025 అక్టోబరులో అమెరికాలో కొత్తవి వచ్చాయి. మీ బ్యాచ్‌కు ఏ ఎడిషన్ మీద పరీక్ష ఉంటుందో ఫీజు కట్టేముందే తెలుసుకుని ఆ పుస్తకమే కొనండి. మీ హాస్పిటల్ పాటించే డోసులు, ప్రెషర్లు కూడా దానితో సరిచూసుకోండి.

యూకే వెళ్లేవాళ్లకు

రిససిటేషన్ కౌన్సిల్ యూకే నడిపే ఎన్ఎల్ఎస్ ఒక రోజు కోర్సు, సర్టిఫికెట్ నాలుగేళ్లు ఉంటుంది. ఇక్కడినుంచి చేసుకుని వెళ్లాల్సిన తొందర లేదు. నియోనటల్ యూనిట్‌లో చేరినవాళ్లకు అక్కడే అవకాశం వస్తుంది. ఒక తేడా మాత్రం ముందే తెలిసి ఉండాలి. వాళ్ల పద్ధతిలో మొదట ఊపిరితిత్తులు విచ్చుకునేలా ఐదు ఇన్‌ఫ్లేషన్ బ్రీత్స్ ఇస్తారు, ఒక్కొక్కటీ 2–3 సెకన్లు. మనం నేర్చుకునే అమెరికన్ పద్ధతిలో అలా ఉండదు, "బ్రీత్, టూ, త్రీ" అని లెక్కపెడుతూ మొదటినుంచీ ఒకే లయలో ఇస్తాం. ఏది మంచిదన్న వాదన నర్సుకు అక్కర్లేదు. పనిచేసే చోట టీమ్ అంతా ఏ పద్ధతి పాటిస్తే మీరూ అదే పాటించాలి.

"నాకు బీఎల్ఎస్ ఉంది, సరిపోదా?"

సరిపోదు. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (పెద్దల గుండె అత్యవసర కోర్సు), పాల్స్ (పిల్లల అత్యవసర కోర్సు) ఏవీ దీనికి బదులు కావు. పెద్దవాళ్లలో గుండె ఆగిపోవడం ముందు జరుగుతుంది, కాబట్టి అక్కడ ఛాతీ నొక్కడంతో మొదలుపెడతాం. అప్పుడే పుట్టిన బిడ్డకు ఊపిరి అందకే గుండె నెమ్మదిస్తుంది. ఊపిరి అందితే చాలాసార్లు గుండె దానంతటదే పుంజుకుంటుంది. అందుకే ఛాతీ లేచేలా 30 సెకన్లు గాలి ఇచ్చాకా గుండె 60 దాటకపోతేనే నొక్కడం మొదలవుతుంది. నిష్పత్తీ వేరే: మూడు నొక్కులకు ఒక శ్వాస, నిమిషానికి 90 నొక్కులు, 30 శ్వాసలు. పెద్దల 30:2 (30 నొక్కులకు 2 శ్వాసలు) అలవాటు ఉన్న సిస్టర్లు పరీక్షలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎమర్జెన్సీ వార్డు నుంచి లేబర్ రూమ్‌కి మారినవాళ్లు దీనిమీద ప్రత్యేకంగా సాధన చేయాలి.

రెండింటి మధ్య ఊగేవాళ్లకు

ఏరియా హాస్పిటల్‌లో పనిచేస్తూ గల్ఫ్‌కి ప్రయత్నిస్తున్నారా? ఎన్ఎస్ఎస్‌కే ఇప్పుడే చేయండి, విదేశీ హాస్పిటల్ అడిగే కార్డు ఇంటర్వ్యూ తేదీ తెలిశాక చేయండి. ఇవాళ రాత్రి డ్యూటీలో పుట్టే బిడ్డకు మీ ఆఫర్ లెటర్‌తో పనిలేదు.

చిన్న నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు, పిల్లల డాక్టర్ ఆన్-కాల్ మీద అరగంట దూరం నుంచి రావాలి. ఇక్కడ బేసిక్ తప్పనిసరి, అడ్వాన్స్‌డ్ కూడా మంచిదే. కానీ సొంత డబ్బుతో ఒకటే చేయగలిగితే బేసిక్ చేసి, మిగిలిన డబ్బుకు మీ ఓనర్ చేత సరైన సైజు మాస్కులు కొనిపించండి. శిక్షణ ఉన్న నర్సు చేతిలో పెద్దల మాస్క్ ఉంటే ఏం చేయగలదు?

ఎన్ఐసీయూలో ఏళ్లుగా పనిచేస్తూ సర్టిఫికెట్ మాత్రం లేనివాళ్లు మొహమాటపడకుండా అడ్వాన్స్‌డ్‌కే వెళ్లండి, కాకపోతే వెళ్లేముందు బ్యాగ్–మాస్క్ కొత్తగా నేర్చుకుంటున్నట్టే సాధన చేయండి. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డలను చూసే అలవాటు వేరు, అప్పుడే పుట్టిన బిడ్డను అందుకోవడం వేరు.

పరీక్షకు ముందు

పాత నోట్సు పక్కన పెట్టండి. సీనియర్ల నుంచి చేతులు మారి వచ్చిన జిరాక్సుల్లో "మెకోనియం (ఉమ్మనీటిలో బిడ్డ వేసిన మలం) ఉండి బిడ్డ నీరసంగా ఉంటే ట్యూబ్ వేసి సక్షన్ చేయాలి" అని ఇంకా ఉంటుంది. ఆ పద్ధతిని రొటీన్‌గా చేయవద్దని 2015 మార్గదర్శకాల్లోనే చెప్పారు. ఇప్పటికీ అది రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు. కాన్పుకు ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు బాగా చదవండి: ఎన్ని వారాలు, ఉమ్మనీరు స్వచ్ఛంగా ఉందా, ఇంకేమైనా ప్రమాద లక్షణాలు ఉన్నాయా, బొడ్డుతాడు ఎప్పుడు కత్తిరిస్తారు. ఆక్సిజన్ శాతం పట్టిక కూడా తప్పక అడుగుతారు. 8వ ఎడిషన్ పట్టికలో బిడ్డ పుట్టిన ఒక నిమిషానికి 60–65 శాతం, ఐదు నిమిషాలకు 80–85, పది నిమిషాలకు 85–95. పల్స్ ఆక్సిమీటర్ కుడి చేతికే పెట్టాలి.

చేతి పరీక్షలో చేసే ప్రతి పనినీ బయటికి చెబుతూ చేయండి. "తల సరిచేస్తున్నాను, ఛాతీ లేస్తోంది, గుండె 80, పెరుగుతోంది" అని గట్టిగా అనండి. బోధకుడు మీ మనసులో ఏముందో చూడలేరు. అసలు కాన్పులో కూడా పక్కనున్న ఆయమ్మకు, పరుగెత్తుకొచ్చే డాక్టర్‌కు ఆ మాటలే ఆధారం.

క్లాసు అయిపోయాక కొన్ని నెలల్లోనే చేతిపని సడలిపోతుంది. ఇది ఏ కోర్సు చేసినా తప్పదు. వారానికోసారి డ్యూటీ మొదట్లో లేబర్ రూమ్ బొమ్మ మీద రెండు నిమిషాలు బ్యాగ్ పట్టండి. బొమ్మ లేకపోతే కనీసం బ్యాగ్ పరీక్షించండి: మాస్క్‌ను అరచేతికి గట్టిగా ఆనించి నొక్కితే అరచేతికి ఒత్తిడి తగలాలి, వాల్వ్ తెరుచుకోవాలి, వదలగానే బ్యాగ్ మళ్లీ నిండాలి.